చాప ఎత్తకముందు

శుక్రవారం మధ్యాహ్నం నుంచి ఫొలోలె ఆ మందు పంపు మీద ఎనిమిది అంకె మీటను, తెర చెరిపి చెరిపి, నాలుగు వందల సార్లకు పైగా నొక్కింది. నొక్కినప్పుడల్లా తెర మీద ఒక్క ఎనిమిదే పడింది. అది అంత బుద్ధిగా పనిచేస్తుంటే ఆమెకు ఒళ్లు మండిపోయింది. ఎత్తి కిటికీలోంచి సముద్రంలోకి గిరాటేద్దామా అనిపించింది.

సవాయి దీవిలోని ఆ ఆసుపత్రిలో ఎక్స్‌రే మిషను దగ్గర్నుంచి వేణ్ణీళ్ల బాయిలరు దాకా ఏది మొరాయించినా బాగుచేసేది ఆమె ఒక్కతే. ఇరవై రెండేళ్ల సర్వీసులో విరిగినదాన్ని చూసి భయపడలేదు. విరగనిదాన్ని చూసి భయపడటం ఇదే మొదలు.

ఈ పంపు చేసే పని చిన్నదే. సీసాలోని మందును గంటకు ఎంతంటే అంత, చుక్క తేడా రాకుండా ఒంట్లోకి పంపాలి. బుధవారం సాయంత్రం కాన్పుల వార్డులో వైమొవానా అనే పచ్చి బాలింతకు బీపీ పెరిగితే, ఫిట్స్ రాకుండా మందు పెట్టారు. గంటకు ఎనిమిది మిల్లీలీటర్లు పోవాలి. ఎనభై ఎనిమిది చొప్పున పోయింది. ఇరవై నిమిషాల్లో ఆ పిల్లకు ఊపిరి మందగించింది. విరుగుడు మందు వేళకు అందబట్టి బతికి బట్టకట్టింది గానీ, లేకపోతే మూడురోజుల పసిగుడ్డు తల్లి లేనిదయ్యేది. పంపు తనలో రాసిపెట్టుకున్న లెక్క స్పష్టంగా ఉంది. మీట రెండుసార్లు పడింది. ఆ వేళ డ్యూటీలో ఉన్న నర్సు తిరెసా.

ఇంకేముంది, దీవి అంతా ఒకటే మాట. మనిషి అబద్ధమాడుతుంది గానీ మిషను ఆడుతుందా?

శనివారం తెల్లవారకముందే తిరెసా కుటుంబం ఇఫొంగ అనే క్షమాపణ తంతుకు బయల్దేరుతోంది. తప్పు చేసిన మనిషీ, ఆ కుటుంబ పెద్దా బాధితుల ఇంటి ముంగిట నేల మీద కూర్చుని, తాతముత్తాతల నాటి మేలి చాప తల మీదుగా కప్పుకుని, పెదవి విప్పకుండా ఉంటారు. ఇంటివాళ్లు వచ్చి చాప ఎత్తితే క్షమించినట్టు. ఎత్తకపోతే ఎండలో మాడాల్సిందే, రాళ్లు పడినా కాయాల్సిందే. చాప లేచిందా, ఇక ఆ సంగతి జన్మలో ఎవరూ తలవకూడదు.

ఫొలోలెను తొలిచేస్తున్నది ఆ చివరి కట్టుబాటే. చాప లేచాక విచారణ ఉండదు. సోమవారం ఈ పంపును శుభ్రంగా తుడిచి మళ్లీ వార్డులో పెడతారు. లోపం నిజంగా పంపుదే అయితే, ఇంకో మంచం పక్కన ఇంకో ఎనిమిది ఎనభై ఎనిమిది అవుతుంది. ఆవేళ విరుగుడు అందుతుందన్న పూచీ ఎవరిది?

సాయంత్రం తిరెసా ఆమె మరమ్మతు గదికి వచ్చింది. ఆకులో చుట్టిన ఉడకబెట్టిన చేమదుంపలు బల్ల మీద పెట్టి, ఏసీ చలికి చేతులు కట్టుకుని నిలబడింది.

"పొద్దుట్నించీ ఏం తినలేదంట. తిను అత్తా."

"తింటాలే. ముందు దీని సంగతి తేల్చనీ. నా ముందు కొత్తకోడల్లా నంగనాచి వేషాలేస్తోంది."

"ఇంక వదిలెయ్ అత్తా. నేనే రెండుసార్లు నొక్కుంటాను."

ఫొలోలె స్క్రూడ్రైవరు పక్కన పడేసింది. "నొక్కుంటానేంటే? ఒక్కసారే నొక్కానని మొన్న బైబిలు మీద చెయ్యేసి చెప్పావుగా!"

"చెప్పాను. కానీ అప్పుడే ప్రార్థన గంట కొట్టారు, తొందర్లో ఉన్నాను. అందరూ నువ్వే నొక్కావ్, నువ్వే నొక్కావ్ అంటుంటే..." తిరెసా తన కుడి చూపుడు వేలు వంక పరాయిదాన్ని చూసినట్టు చూసుకుంది. "ఇప్పుడు నా వేలికి కూడా రెండోసారి నొక్కినట్టే గుర్తొస్తోంది."

"సోమవారం దాకా ఆగమని మీ పెదనాన్నతో చెప్పు."

"ఆగితే వైమొవానా అన్నదమ్ములు ఊరుకుంటారా? నిన్న బస్సులో మా తమ్ముడి మీద చెయ్యి చేసుకున్నారు. రేపు కత్తులు లేస్తాయి. నేను కూర్చుంటే అయిపోతుంది అత్తా. ఉద్యోగం ఎలాగూ పోయినట్టే."

ఆ పిల్లను గట్టిగా పట్టుకుని ఏడవాలనిపించింది ఫొలోలెకు. ఏడిస్తే పని సాగదు కనుక కసిరి పంపేసింది. చేమదుంపలు మాత్రం తిన్నది.

మర్నాడు తెల్లవారుజామున నాలుగున్నరకు ఆసుపత్రిలో తన గది తలుపు తీసింది. ఇఫొంగను ఏం చెప్పి ఆపాలో ఆమెకే తెలియదు. వట్టి చేతులతో వెళ్లలేక పంపును కూడా తీసుకుని బండి పక్కసీటులో పెట్టుకుంది. రాత్రంతా ఏసీలో ఉన్న పంపు చల్లగా ఉంది. బయట వాన వచ్చే ముందరి ఉక్క. చొక్కా వీపుకి అంటుకుపోతోంది. రెండు మలుపులు దాటాక, బతిమాలినట్టుగా ఇంకొక్కసారి మీట నొక్కింది.

తెర మీద ఎనభై ఎనిమిది.

బండి రోడ్డు పక్కకు తీసి ఆపేసింది. తెర చెరిపి మళ్లీ నొక్కింది. ఎనిమిది. మళ్లీ. ఎనభై ఎనిమిది. టార్చి వేసి చూసింది. మీటల మీద అంటించిన పల్చటి ప్లాస్టిక్ కింద సన్నటి చెమట పట్టి ఉంది. తడికి ప్లాస్టిక్ మీటకు అతుక్కుని దాన్ని పట్టి లాగుతోంది. వేలు తీసిన తర్వాత అది వదులై మీటను ఇంకోసారి నొక్కుతోంది. పొడిగా, చల్లగా ఉండే తన గదిలో వెయ్యిసార్లు నొక్కినా అది బయటపడదు. వార్డు ఉక్కలోనే బయటపడుతుంది.

ఆ ప్లాస్టిక్ కంపెనీది కాదు. ఫొలోలెది. ఉప్పుగాలికీ, రోగులకు కొబ్బరినూనె రాసిన చేతులకూ మీటలు పగిలిపోతున్నాయని, కొత్తవి ఆక్లాండ్ నుంచి రావాలంటే ఆరునెలలు పడుతుందని, బడిపిల్లల పుస్తకాలకు వేసే అట్టల ప్లాస్టిక్ కత్తిరించి పోయిన నెల పన్నెండు పంపులకూ తనే అంటించింది. ఎంత తెలివైనదానివే అని మేట్రన్ అందరి ముందూ మెడలో పూలదండ వేసింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే.

గోటితో ప్లాస్టిక్ అంచు పట్టుకుంది. ఒక్క లాగు లాగితే చాలు. సోమవారం మిగతా పదకొండూ చడీచప్పుడు లేకుండా పీకేస్తే పీడా పోతుంది. రోగులకు ప్రమాదం ఉండదు. అవతల చాప లేస్తుంది, ఎవరూ ఏమీ అడగరు. తిరెసా ఎలాగూ ఒప్పేసుకుంది. ఈ వయసులో తనకు ఈ రచ్చ ఎందుకు? ఈ ఆలోచన ఎక్కడో దూరం నుంచి రాలేదు. తన సొంత బుర్రలోంచే వచ్చింది. అందుకు ఆమెకు తన మీద తనకే అసహ్యం వేసింది.

గోరు తీసేసి వార్డుకి ఫోను చేసింది.

"సిస్టర్, ఇప్పుడు ఎన్ని పంపులు నడుస్తున్నాయ్?"

"మూడు. ఏం, ఇంత పొద్దున్నే?"

"తెర మీద అంకెలూ, కాగితాల మీద అంకెలూ ఒకటేనా? ఒక్కొక్కటీ చదువు, నేను వింటాను."

మూడూ సరిపోయాయి. ఫొలోలె ఊపిరి పీల్చుకుంది. "నేనొచ్చేదాకా ఏ పంపు మీటా ముట్టుకోవద్దు. కొత్తగా మందు పెట్టాల్సొస్తే చుక్కలు లెక్కపెట్టి చేత్తో ఇవ్వండి. ఎందుకని అడక్కు, వచ్చి చెప్తాను."

ఆమె వెళ్లేసరికి వైమొవానా వాళ్ల ముంగిట్లో చాప కింద రెండు ఆకారాలు వంగి ఉన్నాయి. పెద్దది తిరెసా పెదనాన్న. చిన్నది వణుకుతోంది. ఇంటి ముందు వైమొవానా అన్నదమ్ములు చేతులు కట్టుకుని నిలబడ్డారు. ఒకడి చేతిలో కొబ్బరికాయలు కొట్టే కత్తి ఉంది. అప్పుడే వైమొవానా తండ్రి తుయిలంగి మెట్లు దిగుతున్నాడు. ఫెర్రీలో సరంగుగా చేసి దిగిన మనిషి, మాట తక్కువ. చాప అంచు అందుకోవడానికి వంగాడు.

"ఎత్తకయ్యా!" అంది ఫొలోలె.

అందరూ తిరిగారు. ఇఫొంగ మధ్యలో నోరెత్తడమే అపచారం, అదీ క్షమించవద్దని! కత్తి ఉన్నవాడు రెండడుగులు ముందుకు వేశాడు.

"పిచ్చెక్కిందా నీకు? అవతలికి ఫో!"

"పోతాను. ముందు మీ నాన్నని దీన్ని నొక్కనీ." పంపును ఛాతీకి ఆనించి పట్టుకుని తుయిలంగి ముందు నిలబడింది. "ఈ ఎనిమిది మీద, పెద్దయ్యా. ఒక్కసారే నొక్కు."

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. ఫెర్రీ తాళ్లు లాగీ లాగీ మొద్దుబారిన వేలితో నొక్కాడు. ఎనిమిది పడింది. కొడుకు వెటకారంగా నవ్వాడు.

"ఇంకోసారి," అంది ఫొలోలె, తెర చెరిపి. చెమట కళ్లలోకి కారుతోంది.

ఎనిమిది.

మళ్లీ చెరిపింది. "ఇంకొక్కసారి పెద్దయ్యా, నీ కాళ్లు పట్టుకుంటాను."

ఆయన వేలు పెట్టి తీశాడు. తీశాక తెర మీద ఒక ఎనిమిది పక్కన ఇంకో ఎనిమిది వచ్చి చేరింది. తుయిలంగి తన వేలు చూసుకున్నాడు. తర్వాత చాప కింద ఉన్న చిన్న ఆకారాన్ని చూశాడు.

"ఎవరు చేశారిది?"

"నేను. ఈ ప్లాస్టిక్ నేనే అంటించాను. బాగుచేద్దామనే అంటించాను. అంటించాక వార్డులో నొక్కి చూసుకోలేదు. నా గదిలో చూసి, బాగానే ఉందనుకున్నాను. నీ కూతుర్ని చంపబోయింది ఆ పిల్ల కాదు, నేను."

ఆయన వంగి చాప ఎత్తాడు. ముందు తిరెసా పెదనాన్నకు చెయ్యిచ్చి లేపాడు, తర్వాత తిరెసాను. వాళ్లు లేచిన చోటే ఫొలోలె మోకాళ్ల మీద కూర్చుని తల వంచింది. చాప తన మీద పడుతుందని కాచుకుంది. పడలేదు.

"లే," అన్నాడు తుయిలంగి. "ఇలాంటివి ఇంకెన్ని ఉన్నాయ్?"

"పదకొండు."

"నిన్ను ఇప్పుడు క్షమించానంటే ఆ పదకొండు సంగతీ ఎవడూ ఎత్తడు. వెళ్లి అన్నీ పీకెయ్. ఎందుకు పీకుతున్నావో అందరికీ నీ నోటితోనే చెప్పు. అది అయ్యాక వచ్చి కూర్చో. ఎత్తాలో వద్దో అప్పుడు చూస్తాను."

ఫొలోలె లేచి బండి వైపు నడిచింది. ఆమెకన్నా ముందే తిరెసా అవతలి తలుపు తీసుకుని ఎక్కి కూర్చుంది. మోకాళ్లకు మట్టి, జుట్టు నిండా చాప పీచు. ఆసుపత్రి రోడ్డు మలుపులో తిరెసా భోరున ఏడ్చింది.

"అత్తా, నేను ఒక్కసారే నొక్కాను."