తాళం వేసిన ట్యాంకు

రెడ్డిగూడెం వీరరాఘవయ్య పికప్పు బండి తిరువూరులో బాలశౌరి షెడ్డుకి వచ్చి తొమ్మిది రోజులైంది. వచ్చింది అనడం మర్యాదకే. నిజానికి రెండు జతల ఎడ్లు ఈడ్చుకొచ్చాయి. ముందు ఎడ్లు, వెనక మోకు, ఆ వెనక పడవంత బండి, అందులో ఇస్త్రీ మడత నలగని పంచెతో వీరరాఘవయ్య. బజారులో జనం రెండు పక్కలా నిలబడి చూస్తుంటే ఆయన ఊరేగింపులో ఉన్నట్టే తల పంకిస్తూ వచ్చాడు. అమెరికా బండి కాబట్టి స్టీరింగు ఎడమ పక్కన ఉంటుంది. డ్రైవరు అంకారావు అటు కూర్చుంటే, కుడిపక్కన కూర్చున్న వీరరాఘవయ్య చేతులు కట్టుకునే బండి నడుపుతున్నట్టు కనపడేవాడు. ఆ బండిలో ఆయనకు అన్నిటికంటే నచ్చింది అదే.

ఇరవయ్యేళ్ళ కిందట మిషన్ దొరల కోసం ఓడెక్కి వచ్చిన బండి అది. మందుల పెట్టెలూ, బైబిళ్ళూ, ఒకటి రెండు సార్లు నొప్పులు పడుతున్న ఆడవాళ్ళనూ మోసింది. దొరలు వాళ్ళ దేశం వెళ్ళిపోతూ అమ్మితే వీరరాఘవయ్య కొన్నాడు. ఆయనకు నలభై ఎకరాల మామిడి తోట ఉంది. ఏటా కోతల వేళకి లారీల వాళ్ళు రేపు, మాపు అని తిప్పి, రసాలు గంపల్లోనే పండి కారిపోయేదాకా ఏడిపించేవారు. సొంత బండి ఉంటే ఒకడి గడ్డం పట్టుకోనక్కర్లేదని కొన్నాడు. ఇప్పుడు బాలశౌరి గడ్డం పట్టుకుని కూర్చున్నాడు.

బాలశౌరికి నలభై ఐదేళ్ళు. యుద్ధం తరవాత మిలిటరీ వాళ్ళు వదిలించుకున్న లారీల మీద బెజవాడలో పని నేర్చుకున్నాడు. ఇంజను మీద చెవి పెట్టి రోగం చెప్పేస్తాడని తాలూకా అంతా పేరు. ఆ పేరు అతనికీ బాగా వినపడింది. అందుకే ఈ తొమ్మిది రోజులుగా అతనికి అన్నం సహించడం లేదు.

రోగం ఇదీ. బండి ఇంటి దగ్గర బంగారంలా స్టార్టవుతుంది. నాలుగైదు మైళ్ళు పోయాక రెండు దగ్గులు దగ్గి, గొంతు పట్టేసినట్టు ఆగిపోతుంది. ఎంత తిప్పినా కదలదు. అరగంట పోయాక ఏమీ ఎరగనట్టు మళ్ళీ స్టార్టవుతుంది.

ఆ అరగంటే కొంప ముంచింది. మొదటిసారి ఆగినప్పుడు అంకారావు నాలుగు చక్రాల కిందా నిమ్మకాయలు పెట్టాడు. బండి కదిలింది. దిష్టి అని తేల్చాడు. రెండోసారి నిమ్మకాయలు లేవు. అటు సైకిలు మీద పోతున్న పాస్టరు శాంతయ్య దిగి, బానెట్టు మీద చెయ్యి వేసి ఇరవై నిమిషాలు ప్రార్థన చేశాడు. బండి కదిలింది. ఆయన ఆదివారం నాడు చర్చిలో దాన్ని సాక్ష్యంగా చెప్పుకున్నాడు. మూడోసారి ఆంజనేయస్వామి గుడి పూజారి కొబ్బరికాయ కొట్టాడు. దానికీ కదిలింది. కులమతాల పట్టింపు లేని బండి అని తిరువూరు కాఫీ హోటల్లో చెప్పుకున్నారు.

నాలుగోసారి బాలశౌరికి కబురొచ్చింది. అతను వెళ్ళి కార్బొరేటరు మీద ఒక స్క్రూ పావు చుట్టు తిప్పాడు. బండి కదిలింది. "చెయ్యి పడితే చాలు, అంతే!" అన్నాడు వీరరాఘవయ్య పదిమందిలో. బాలశౌరి కాదనలేదు. వారం రోజులు ఆ మాట నెమరేసుకుంటూ తిరిగాడు. ఎనిమిదో రోజున ఎడ్లు బండిని ఈడ్చుకొచ్చాయి. ఈసారి అరగంట ఆగే ఓపిక వీరరాఘవయ్యకు లేకపోయింది. గంపల్లో రసాలు ముగ్గిపోతున్నాయి మరి.

ఈ తొమ్మిది రోజుల్లో బాలశౌరి విప్పని చోటు లేదు. ప్లగ్గులు గరుకు కాగితంతో రుద్దాడు. పాయింట్లు సరిచేశాడు. కార్బొరేటరు ముక్కలు ముక్కలుగా విప్పి, పెట్రోలుతో కడిగి, సన్నటి రంధ్రాలన్నిటినీ నోటితో ఊదాడు. పెట్రోలు పంపు విప్పి లోపలి తోలు పొర కొత్తది వేశాడు. ఆయిలు మార్చాడు. మసిబారిన తన మొహాన్నే అద్దంలో చూసుకుని రెండుసార్లు ఉలిక్కిపడ్డాడు. షెడ్డులో, బజారులో బండి గుర్రంలా నడిచేది. సరే, తీసుకెళ్ళండి అంటే, వీరరాఘవయ్య ట్యాంకు నిండా పెట్రోలు పోయించి బయల్దేరేవాడు. నాలుగో మైలు రాయి దాటగానే దగ్గు.

ఇదంతా జరుగుతున్నంతసేపూ వీరరాఘవయ్య షెడ్డు ముందు మడత కుర్చీలో కూర్చుని సలహాలిచ్చేవాడు.

"ఏమోయ్ బాలశౌరీ, ఆ మూల బోల్టు వదులుగా ఉన్నట్టుందే?"

"అది బండిది కాదండీ. నా స్టూలుది."

ఆయన నడుముకి మొలతాడుతో ఒక తాళంచెవి వేలాడేది. పెట్రోలు ట్యాంకు మూతది. పోయిన చలికాలం పెట్రోలు ధర ఒక్కసారిగా కొండెక్కి కూర్చున్నప్పుడు, ట్యాంకుకున్న పాత మూత పీకించి, బెజవాడలో టర్నరు చేత ఇత్తడి మూత చేయించాడు. దాని లోపల సైకిలు ట్యూబు రబ్బరు, పైన తాళం. దొంగలే కాదు, ఎండ కూడా తన పెట్రోలు తాగడానికి వీల్లేదని ఆయన పట్టుదల. షెడ్డులో బండి వదిలిన రోజు కూడా ట్యాంకులో పెట్రోలంతా డబ్బాల్లోకి తోడించి ఇంటికి పంపి, అడుగున ఒక శేరు మిగిల్చాడు.

పదో రోజు పొద్దున వీరరాఘవయ్య భార్య సీతారావమ్మ వచ్చింది. గంపలగూడెంలో చెల్లెలి ఇంట సీమంతం. బండి బాగైపోయిందని మొగుడు చెప్పిన మాట నమ్మి, సారె పళ్ళేలతో సహా బస్సు దిగింది. బండి చక్రాలు చూసింది. చక్రాల మధ్య బాలశౌరి కాళ్ళు చూసింది. పక్కన కుర్చీలో మొగుణ్ణి చూసింది.

"బాగైపోయిందన్నారు?"

"అయిపోయినట్టే. మళ్ళీ ఆయిలు పొయ్యడమే తరువాయి," అన్నాడు వీరరాఘవయ్య.

బాలశౌరి బండి కింద నుంచి ఈడ్చుకుంటూ బయటికొచ్చి, కొత్త ఆయిలు డబ్బాకి మేకుతో ఒక చిల్లు పొడిచి ఇంజనులోకి వంచాడు. ఆయిలు ధారగా మొదలై, సన్నబడి, చుక్కలై, ఆగిపోయింది. బాలశౌరి డబ్బాని ఊపాడు. ఒక గుటక పడి మళ్ళీ ఆగింది. రాత్రంతా నిద్ర లేక అతనికి బుర్ర పనిచేయడం లేదు.

"ఏమయ్యా, పైన రెండో చిల్లు పెట్టుకోవూ?" అంది సీతారావమ్మ. "గాలి లోపలికి పోకపోతే నూనె బయటికెట్టా వచ్చుద్ది? మా కిరసనాయిలు డబ్బాకైనా రెండు చిల్లులు పెడతామే!"

"చిత్తం అమ్మగారూ," అంటూ బాలశౌరి మేకు అందుకున్నాడు. డబ్బా మీద రెండో చిల్లు పెట్టాడు. ఆయిలు నిండుగా దిగింది. అతను మాత్రం అలాగే నిలబడిపోయాడు. ట్యాంకులో శేరు పెట్రోలు ఉన్నప్పుడు బండి బాగా నడుస్తుంది. నిండుగా పోస్తే నాలుగు మైళ్ళకే ఆగుతుంది. డబ్బా ఖాళీ అయింది, ఇంజను గొంతు దాకా ఆయిలు పొంగుతోంది, అతను వంచిన డబ్బా దించలేదు.

"ఏంటోయ్, నా బండికి తలంటు పోస్తన్నావా?" అని అరిచాడు వీరరాఘవయ్య.

బాలశౌరి డబ్బా కింద పెట్టాడు. ఎక్కువైన ఆయిలు కింది నుంచి తీసేసి, చేతులు తుడుచుకున్నాడు. "అయ్యగారూ, ట్యాంకు నిండా కొట్టించండి. గంపలగూడెం పోదాం. నేను వెనక తొట్టిలో నిలబడతాను. బండి ఆగితే ఎవరూ దిగొద్దు. అంకారావూ, నిమ్మకాయలు ముట్టుకోవద్దు."

అంకారావు జేబు తడుముకుని ఊరుకున్నాడు.

పదకొండు గంటల ఎండలో బయల్దేరారు. ముందు సీట్లో అంకారావు, మధ్యలో సారె పళ్ళేలు ఒళ్ళో పెట్టుకుని సీతారావమ్మ, కుడివైపున చేతులు కట్టుకుని వీరరాఘవయ్య. బాలశౌరి వెనక తొట్టిలో ట్యాంకు మూత పక్కనే నిలబడి, బండి దగ్గితే బావుండునని జీవితంలో మొదటిసారి దేవుణ్ణి వేడుకున్నాడు. అయిదో మైలు దగ్గర ఆ ప్రార్థన ఫలించింది. రెండు దగ్గులు, ఒక కుదుపు, నిశ్శబ్దం.

"తాళంచెవి ఇవ్వండి," అన్నాడు బాలశౌరి.

"దేనికి? ట్యాంకు నిండా ఉందిగా!"

"అందుకేనండీ."

"నేనే తీస్తా." వీరరాఘవయ్య దిగి, మొలతాడు లాగి, మూతకి తాళం తీశాడు. మూత రాలేదు. లోపల నుంచి ఎవరో పట్టుకు లాగుతున్నట్టుంది. ఆయన ఒక కాలు చక్రానికి తన్నిపెట్టి గుంజాడు. "ఉస్స్..." మని పెద్ద నిట్టూర్పు వినిపించింది. మూతతో సహా ఆయన రెండడుగులు వెనక్కి పడ్డాడు.

"దయ్యం!" అన్నాడు అంకారావు.

"కొట్టు స్టార్టు," అన్నాడు బాలశౌరి.

మూడు తిప్పులకి ఇంజను అందుకుంది. అరగంట ఆగలేదు. కాయ కొట్టలేదు. ఎండలో చుట్టూ ఒక్క మనిషి లేడు పొగడడానికి.

"ట్యాంకులో పెట్రోలు తగ్గేకొద్దీ ఆ చోటుకి గాలి పోవాలండీ. పాత మూతకి సన్నటి రంధ్రం ఉండుంటుంది. మీ మూతకి లేదు. అడుగున శేరే ఉంటే లోపలున్న గాలి సరిపోద్ది, నిండా పోస్తే లోపల గాలికి చోటుండదు. ఇక పంపు ఎంత లాగినా పెట్రోలు రాదు. అరగంటలో ఎక్కణ్ణించో కాస్త గాలి దూరితే మళ్ళీ నడుస్తంది."

"అంటే నా మూతదా తప్పు?" వీరరాఘవయ్య గొంతు పెంచాడు. "మరి పాస్టరు ప్రార్థనకి ఎట్టా కదిలింది? పూజారి కాయకి? అదంతా పోనీ, నువ్వు స్క్రూ తిప్పితే ఎట్టా కదిలింది?"

ఇక్కడ బాలశౌరి అబద్ధం చెప్పొచ్చు. స్క్రూ వేరు, మూత వేరు అంటే ఆయన నమ్మేవాడే. కానీ తొమ్మిది రోజులు ఇంజనుని అన్యాయంగా కోసి కుట్టిన పాపం అతని మెడ మీద కూర్చుంది.

"నా స్క్రూ కూడా నిమ్మకాయేనండీ," అన్నాడు. "ఏ రోగమో నాకు తెలీలేదు. మీరు పొగిడారు, బావుంది, ఊరుకున్నా. అమ్మగారు డబ్బాకి చిల్లు పెట్టమనకపోతే ఇంకో నెల విప్పుతానే ఉండేవాణ్ణి."

వీరరాఘవయ్య భార్య వైపు చూశాడు. ఆమె సారె పళ్ళెంలో జారిన అరటిపళ్ళు సర్దుకుంటోంది.

"ఎక్కండి, ముహూర్తం దాటిపోద్ది," అంది.

మూత తీసేసి, ట్యాంకు నోటికి గుడ్డ కట్టి బయల్దేరారు. ఆరో మైలు దాటింది. ఏడు దాటింది. ఎనిమిది. బండి హాయిగా పాడుకుంటూ పోతోంది. తొట్టిలో నిలబడ్డ బాలశౌరికి పది రోజుల తరవాత ఆకలి వేసింది. వినగడప దగ్గర రోడ్డు వాగులోకి పల్లంగా దిగుతుంది. బండి వేగం అందుకుంది. బావుంది అనుకున్నాడు బాలశౌరి. ఇంకా అందుకుంది.

"అంకారావూ, మెల్లగా!"

"తొక్కుతానే ఉన్నా!"

"బ్రేకు తొక్కవయ్యా!"

"అదే తొక్కుతున్నా! నేలకి తగులుతోంది!"

ఎదురుగా వాగులో గేదెలు. అంకారావు స్టీరింగు కుడివైపుకి విరిచాడు. పికప్పు రోడ్డు దిగి, ఒక దడి తొక్కి, కోళ్ళను నాలుగు దిక్కులకీ లేపి, ఎవరిదో వరిగడ్డి వామిలో కిటికీల దాకా దూరి ఆగింది. బాలశౌరి తొట్టిలోంచి ఎగిరి వామి మీద పడ్డాడు. ఎవరికీ చర్మం కూడా గీసుకోలేదు. గడ్డి లోపల నుంచి ముందు సీతారావమ్మ నవ్వు వినపడింది. కాసేపటిదాకా ఆమె ఆపలేకపోయింది.

"బ్రేకులు ఎప్పట్నుంచి లేవురా?" అని అరిచాడు బాలశౌరి, నోట్లో గడ్డి ఉమ్ముతూ.

"నాకేం తెలుసు?" అన్నాడు అంకారావు ఏడుపు గొంతుతో. "ఈ బండిని ఆపాల్సిన అవసరం నాకెప్పుడొచ్చింది? అదే ఆగేదిగా!"

బాలశౌరి తొమ్మిది రోజులూ బండిని నడపడం గురించే ఆలోచించాడు తప్ప, ఆపడం సంగతి అతనికీ తట్టలేదు. ఆ బ్రేకులు విప్పి, కొత్త షూలు వేసి, ఆయిలు కారుతున్న సిలిండరు మార్చడానికి మరో అయిదు రోజులు పట్టింది. ఇత్తడి మూతకి సూదిమొన అంత రంధ్రం వేయడానికి అయిదు నిమిషాలూ, అంత రంధ్రం వద్దని వీరరాఘవయ్య చేసిన వాదనకి ఒక పూటా పట్టింది. ఆ ఏడు మిగిలిన రసాలు సొంత బండిలోనే బెజవాడ చేరాయి.

అదంతా తరవాతి మాట. ఆ మధ్యాహ్నం మాత్రం వామి గల ఆసామీ చిట్టెమ్మ చేట పట్టుకుని బయటికొచ్చింది. బండిని చూసి బెదరలేదు, ఇస్త్రీ పంచెని చూసి అసలే బెదరలేదు.

"ఎవరైతే నాకేంటి? వామి ఎట్టా ఉన్నదో అట్టా వేసి కదలండి."

సారె పళ్ళేలతో సీతారావమ్మని ఎవరిదో గూడు బండి ఎక్కించి గంపలగూడెం పంపారు. పోబోయే ముందు ఆమె చిట్టెమ్మ ఇచ్చిన మజ్జిగ నింపాదిగా తాగి, "అడుగు గట్టిగా తొక్కండి, లేకపోతే వానకి కారుద్ది," అని మొగుడికి చెప్పి వెళ్ళింది. వీరరాఘవయ్య పంచె ఎగ్గట్టి వామి మీదికెక్కి తొక్కడం మొదలుపెట్టాడు. కింద నుంచి అంకారావు గడ్డి అందిస్తున్నాడు. బాలశౌరి మోపు ఎత్తబోయి ఆగి, ఒళ్ళంతా దురద పెడుతున్నా ఓర్చుకుని, పాకలో దూరాడు. చిట్టెమ్మ పెట్టిన గోంగూర అన్నం రెండుసార్లు మారు అడిగి తిని, అప్పుడు పనిలోకి దిగాడు.