విధేయత మీద డెమో క్లాసు

మూడో పీరియడ్ సగంలో మా లెక్కల టీచర్‌ని క్లాసులోంచి బయటికి పంపేశారు. ఆమెకి ఏడో నెల. మా స్కూల్లో టీచర్లకి క్లాసుల్లో కుర్చీలుండవు. కూర్చుంటే పాఠం చెప్పరని కరస్పాండెంట్ నమ్మకం. కుర్చీలు కావాలని ఆమె కాగితం రాసి మా టీచర్లందరిచేతా సంతకాలు పెట్టిస్తోంది. అదీ ఆమె చేసిన నేరం. గుమాస్తా గుమ్మంలో నిలబడి, "మేడమ్, సంచీ తీసుకుని వచ్చేయమన్నారు" అన్నాడు. నలభైమంది పిల్లలు నోళ్ళు తెరుచుకుని చూస్తుంటే, ఆమె చేతులకంటిన సుద్దపొడి చీరకి తుడుచుకుని, కడుపు పట్టుకుని మెట్లు దిగింది.

ఆమె పేరు చెప్పింది నేనే.

దాచను. రేపు ఇంటర్వ్యూలకి వెళ్ళబోయే చెల్లెళ్ళూ తమ్ముళ్ళూ వినాలనే చెబుతున్నాను. మా స్కూల్లోనే కొత్తగా వేస్తున్న హైస్కూలు పోస్టులకి మేమూ దరఖాస్తు పెట్టుకున్నాం; ముందురోజు నాకు ఇంటర్వ్యూ. కరస్పాండెంట్ టీ తాగుతూ తియ్యగా మొదలుపెట్టాడు.

"స్కూలంటే మన ఇల్లే. అవునా అమ్మా?"

"అవునండీ."

"ఇంటికి ఎవరో నిప్పు పెడుతున్నారు. తెలిసీ ఇంటిపెద్దకి చెప్పకపోతే తప్పా, కాదా?"

"తప్పేనండీ."

"మరి ఆ కుర్చీల కాగితం ఎవరు తిప్పుతున్నారు?"

పదకొండేళ్ళుగా పిల్లలకి నేను నేర్పిందే నా కొంప ముంచింది. ప్రశ్న అడిగితే పూర్తి జవాబు చెప్పాలి. చెప్పాను. ఎప్పటినుంచి తిప్పుతోందో, ఎంతమంది సంతకం పెట్టారో కూడా, అడక్కుండానే చెప్పాను. "వెరీ గుడ్" అన్నాడు. సిగ్గులేనిదాన్ని, ఆ మాటకి పొంగిపోయాను.

లెక్కల టీచర్‌ని పంపేసిన సాయంత్రం ఆమె ఇంట్లోనే అందరం కూడాం. ముందుగదిలో చాప మీద ఇరుక్కుని కూర్చున్నాం. నేను చేసింది చెప్పేసరికి సోషల్ టీచర్ మీదమీదకి వచ్చింది.

"నీ నోరు పడిపోను! కడుపుతో ఉన్న మనిషి ఉసురు పోసుకుంటావటే?"

డ్రిల్లు మాస్టారు అడ్డం వచ్చాడు. "తిట్లు తర్వాత పెట్టుకోండమ్మా. ఎల్లుండి పొద్దున అందరికీ డెమో, మధ్యాహ్నం మిగిలిన మన ఆరుగురికీ ఇంటర్వ్యూలు. ఇప్పుడు సంతకాలు ఎవరెవరు పెట్టారని అడుగుతాడు. ఏం చెబుదాం?"

"తెలీదంటే సరి" అన్నారెవరో.

"తెలీదంటే అబద్ధం అంటాడు. చెప్పనంటే పొగరంటాడు. ఎలాగైనా పొమ్మనేదే కదా!"

లెక్కల టీచర్ గోడకి ఆనుకుని వాచిన కాళ్ళు చాపుకుంది. ఆమె నన్ను తిట్టలేదు. తిట్టినా బాగుండేది. "ఆ గదిలోకి ఒక్కొక్కళ్ళమే వెళ్తాం. వాడి ధైర్యమంతా అదే" అంది. "వాడి ముందు మనమంతా ఒకచోట ఉండేది ఎప్పుడు?"

"డెమోలో" అన్నాను.

డెమో అంటే ఒకరు పాఠం చెబుతారు, మిగతా అభ్యర్థులు బెంచీల మీద పిల్లల్లా కూర్చుంటారు. నచ్చకపోతే కరస్పాండెంట్ "నెక్స్ట్!" అంటాడు, ఇంకొకరు లేస్తారు.

"మొదటి డెమో నాదే. వాడి పరువు వాడి బోర్డు మీదే తీస్తాను" అన్నాను.

"నీ ఒక్కదాని కసితో అయ్యే పని కాదు" అంది లెక్కల టీచర్. "నిన్ను ఆపితే ఇంకొకరు అందుకోవాలి."

సోషల్ టీచర్ నా మొహం చూడలేదు. "రెండోది నాది" అని మాత్రం అంది.

డెమో రోజు మేం ఏడుగురం, బయటినుంచి వచ్చినవాళ్ళు అయిదుగురు. వెనక, బంట్రోతు మోసుకొచ్చిన మెత్తటి కుర్చీలో కరస్పాండెంట్. నేను బోర్డు మీద 'విధేయత' అని పెద్దక్షరాలతో రాశాను.

"పిల్లలూ, ఇంటిపెద్దకి అన్నీ చెప్పాలా అని ఇంటర్వ్యూలో అడిగితే ఏమనాలి?"

డ్రిల్లు మాస్టారు చెయ్యెత్తి లేచాడు. "ముందు మమ్మల్ని ఇంట్లో కూర్చోనిస్తారా అని అడగాలి టీచర్!"

"శభాష్! కడుపుతో ఉన్న ఆడకూతుర్ని రోజుకి ఏడు పీరియడ్లు నిలబెట్టి, కుర్చీ అడిగితే గెంటేసేవాణ్ణి ఇంటిపెద్ద అంటారా?"

"నెక్స్ట్!" అని అరిచాడు కరస్పాండెంట్.

సుద్దముక్క సోషల్ టీచర్ చేతిలో పెట్టాను. "అనరు. కామందు అంటారు. రాసుకోండి" అని ఆమె అక్కణ్ణుంచే అందుకుంది.

"నెక్స్ట్!"

"ఆ కామందుకి ఒక్కరు జవాబు చెబితే ఇంకొకరి ఉద్యోగం పోతుంది" అన్నాడు డ్రిల్లు మాస్టారు. "అందరం కలిసి చెబితే ఎవరి పని అయిపోతుంది?"

"కామందుది!" బెంచీలు దద్దరిల్లాయి.

ఏడో మనిషి దగ్గరికి వచ్చేసరికి కరస్పాండెంట్ కాలరు చెమటతో తడిసి ముద్దయింది. నిజం చెప్పొద్దూ, ఆ మొహం చూస్తే నా కడుపు నిండింది.

"ఏడుగురూ డిస్మిస్! పొండి బయటికి!"

"సోమవారం లెక్కల టీచర్ క్లాసులో ఉండాలి, కుర్చీతో సహా" అన్నాను. "లేకపోతే బోర్డు ముందు మీరే నిలబడండి."

ఆయన పగలబడి నవ్వాడు. "మీరెవరమ్మా నాకు? ఉద్యోగం ఇస్తే చాలని కాచుక్కూచున్నవాళ్ళు వీళ్ళు లేరూ!"

బయటి అయిదుగురూ అప్పటిదాకా మాతో గొంతు కలపలేదు. వాళ్ళు సరేనంటే మా గతి అంతే, లెక్కల టీచర్ గతీ అంతే. అందులో ఒక నడివయసు మాస్టారు మూడేళ్ళుగా పని లేదని పొద్దున వరండాలో నాతో చెప్పాడు. కరస్పాండెంట్ ఆయన్నే పిలిచాడు.

"రండి మాస్టారూ. ఆ చెత్తంతా తుడిచేసి మంచి పాఠం చెప్పండి. ఉద్యోగం మీదే."

ఆయన లేచాడు. మావైపు చూడకుండా బోర్డు దగ్గరికి వెళ్ళి డస్టర్ చేతిలోకి తీసుకున్నాడు. ఆయన డస్టర్‌ని తీసుకెళ్ళి కరస్పాండెంట్ ఒళ్ళో పెట్టి, తిరిగొచ్చి మా ముందు చెయ్యి చాపాడు, సుద్దముక్క కోసం.

"పాఠం ఎక్కడిదాకా వచ్చిందండీ?" అని అడిగాడు.