తూకం రాయి తగిలిన చోట

ఇలా దగ్గరికి జరగండమ్మా. తలుపు పక్కన కూర్చున్న పిల్లా, నువ్వూ రా. గొంతు పెంచి చెప్పే కథ కాదిది. చెవులు మాత్రం నాకివ్వండి.

ఒక ఊళ్లో పాత ఇనుము కొట్టు ఉండేది. పైన రేకుల కప్పు, కింద నూనె ఇంకి నల్లబడిన నేల, ఒక మూల విరిగిన ఫ్యాన్లు, ఇంకో మూల కాలిపోయిన మోటార్లు. మోటారును సమ్మెటతో పగలగొట్టి, లోపలి రాగి తీగ లాగడం అక్కడి ఆడవాళ్ల పని. వాళ్లలో ఒకావిడ మగవాళ్లతో సమానంగా సమ్మెట ఎత్తేది. అందుకే చిన్నా పెద్దా ఆమెను సమ్మెటత్త అని పిలిచేవారు. ఆమె కొట్టి పడేస్తే, పక్కనే కూర్చుని కోడలు తీగ లాగేది. ఆ రాగిని తూకం వేసేది ఆమె కొడుకు.

కొడుక్కి కోపం ముక్కు మీదే ఉండేది. ఒక మధ్యాహ్నం రాగి కుప్పలో ఇత్తడి ముక్క కనపడింది. ఎవరు కలిపారని కూడా అడగలేదు. తూకం రాయి చేతికందితే తీసి పెళ్లాం మీదికి విసిరాడు. అది ఆమె ఎడమ రొమ్ము మీద పడింది. ఆమె వెల్లకిలా తీగల మీద పడితే వీపు చీరుకుపోయింది. అక్కడితో ఆగాడా, వెళ్లి కడుపులో తన్నాడు.

సమ్మెటత్త అడ్డం పడింది. “ఒరేయ్, చచ్చిపోతుందిరా.”

“చస్తే పాత సామాను కింద వేసేద్దాంలే” అన్నాడు వాడు. షెడ్డులో ఇద్దరు నవ్వారు కూడా.

కమిలిన చోటు నల్లబడింది, పచ్చబడింది, చివరికి మచ్చ పోయింది. కోడలు మాత్రం స్నానం చేసినప్పుడల్లా ఆ చోటును తడుముకునేది. ఒకరోజు తడి జుట్టుతోనే అత్త దగ్గరికి వచ్చింది.

“అత్తయ్యా, ఇక్కడ ఏదో చేతికి తగులుతోంది. గోలీకాయంత ఉంది.”

“నొప్పా?”

“నొప్పేం లేదు.”

“దెబ్బకు నెత్తురు గడ్డ కట్టి ఉంటుంది. కాపడం పెడితే కరుగుతుందిలే.”

ఆసుపత్రికి ఎందుకు తీసుకెళ్లలేదంటారా? ఆ ఊరి ఆసుపత్రిలో దెబ్బ తగిలి ఎవరొచ్చినా గేటు దగ్గర పోలీసు ఉంటాడు. ఎవరు కొట్టారని ముందు అదే అడుగుతాడు. ఒక్కగానొక్క కొడుకు జైలుకు పోతాడని సమ్మెటత్త భయం. గడ్డ బయటపడితే రాయి బయటపడుతుంది, రాయి బయటపడితే కొడుకు పోతాడు. ఆ లెక్కతోనే కోడలి నోరు మూయించింది.

ఉప్పు మూట వేడి చేసి అద్దేది. అది చాలక, గడ్డను చిదిమి కరిగించాలని బొటనవేలితో నొక్కేది. మోటార్లు చీల్చే చెయ్యి అది. కోడలు కొంగు నోట్లో కుక్కుకుని, గోడను గోళ్లతో గీకేది. “ఓర్చుకో, అమ్మాయ్, ఓర్చుకో” అంటూనే ఇంకా గట్టిగా నొక్కేది సమ్మెటత్త. ఎండలు పోయి వానలు వచ్చాయి. గోలీకాయ నిమ్మకాయ అయింది. పైనున్న చర్మం గుంట పడింది, చనుమొన లోపలికి లాక్కుపోయింది.

ఒక పొద్దున చీర కట్టుకుంటూ కోడలు చెయ్యెత్తింది. చంకలో ఇంకో గడ్డ.

సమ్మెటత్త చేతిలోని ఉప్పు మూట జారిపోయింది. రాయి ఎక్కడ తగిలిందో ఆమె కళ్లారా చూసింది. రొమ్ము మీద తగిలింది. చంకలో తగల్లేదు. తగలని చోట దెబ్బ గడ్డ ఎలా వస్తుంది?

“చెప్పులేసుకో” అంది.

కొడుకు గడప మీదే ఉన్నాడు. లోపలికొచ్చి గడియ పెట్టాడు.

“ఎక్కడికి?”

“ఆసుపత్రికి.”

“నన్ను పట్టివ్వడానికా?” అంటూ పెళ్లాం జుట్టు పట్టి తల గోడకేసి కొట్టాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. నుదురు చిట్లి నెత్తురు కళ్లలోకి కారింది. సమ్మెటత్త వాడి నడుం పట్టుకు లాగితే, మోచేత్తో పొడిచి ఆమె పన్ను ఊడగొట్టాడు. ఆమె నెత్తురు ఉమ్మింది. మంచం కింద సమ్మెట ఉంది. తీసింది. వాడు మళ్లీ గడియ మీద అడ్డంగా పెట్టిన చేతి మీద వేసింది. ఎముక విరిగిన చప్పుడు ముగ్గురికీ వినపడింది.

“అమ్మా, నన్నే కొడతావా?” అని వాడు కింద కూలబడ్డాడు.

“ఆ పని నీ చిన్నప్పుడే చేయాల్సిందిరా” అని వాణ్ణి దాటుకుని, కోడలి చెయ్యి పట్టుకుని బయటపడింది.

ఆసుపత్రి గేటు దగ్గర పోలీసు అడిగితే, కోడలు జారిపడ్డానని చెప్పింది. లోపల నుదుటికి కుట్లు వేశారు. గడ్డలోకి సూది గుచ్చి ముక్క తీశారు. ఫలితం వచ్చిన రోజున కొడుకు కూడా వచ్చాడు, చేతికి కట్టుతో, వీళ్లేం చెబుతారోనని భయంతో.

డాక్టరమ్మ కోడలి వైపు తిరిగి నెమ్మదిగా చెప్పింది. “ఇది క్యాన్సరమ్మా. దెబ్బ వల్ల వచ్చింది కాదు. రాయి తగిలేనాటికే లోపల ఉండి ఉంటుంది. నువ్వు తడుముకున్నావు కాబట్టి చేతికి దొరికింది. అప్పుడే వచ్చి ఉంటే చిన్న కోతతో పోయేదేమో. ఇప్పుడు చంకలోకి పాకింది. రొమ్ము తీసేయాలి, మందులు ఎక్కించాలి. వైద్యం మాత్రం ఉంది, వదిలిపెట్టం.”

కొడుకు ముఖం విప్పారింది. “అంటే నా వల్ల కాదన్నమాట. విన్నావా అమ్మా? పైగా నేను కొట్టబట్టే కదా దొరికింది. నాకు దండ వెయ్యాలి.”

సమ్మెటత్త లేచి వాడి చెంప పగలగొట్టింది. వరండాలో ఉన్నవాళ్లంతా తిరిగి చూశారు.

“గడ్డ నీది కాదురా. దొరికిన తర్వాత తలుపు గడియ పెట్టింది నువ్వు. నోరు నొక్కింది నేను. అది మాత్రం మనిద్దరిదీ.”

కోడలు కుట్ల మీద చెయ్యి పెట్టుకుని లేచింది. ఆమె ఏడవలేదు. “అత్తయ్యా, గేటు దగ్గర పోలీసుకు రాయి సంగతి చెబుతాను. మీరు చూశానని చెబుతారా?”

సమ్మెటత్త కొడుకు వైపు చూడకుండానే కోడలి వెంట నడిచింది.

“చూశాను బాబూ” అంది పోలీసుతో. “విసిరింది నా కొడుకే.”

వాడు జైలుకు పోయాడు. కోడలికి రొమ్ము తీశారు, జుట్టంతా రాలింది, వాంతులతో పేగులు తెగినంత పనయింది. అత్త బేసిను పట్టుకుని పక్కనే కూర్చుంది. కోడలు ఇప్పటికీ ఉంది. కానీ అత్త చెయ్యి ఒంటి మీద పడితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది. అది పోయేది కాదు.

ఈ మాట మనసులో పెట్టుకోండి తల్లీ. రొమ్ములో గడ్డ చేతికి తగిలితే, నొప్పి లేదని ఊరుకోకండి, దెబ్బదని మీకు మీరే తేల్చేయకండి, పిసకకండి, చూపించుకోండి. మీ అక్కలకు, పిన్నులకు, వదినలకు నేను చెప్పినట్టే చెప్పండి. అత్తలున్న ఇళ్లలో కాస్త గట్టిగా చెప్పండి.