ఖాళీ ట్యాంకు బరువు

ఉస్మానియా బిస్కెట్ల పొట్లాన్ని కాంటా మీద పెట్టి చూశాకే విజయేందర్ దాని దారం విప్పాడు. పది గ్రాములు ఎక్కువే తూగింది. కొట్టువాడు ఎందుకు ఎక్కువిచ్చాడా అని కాసేపు అనుమానపడి, ఆనక చాయ్‌లో ముంచుకున్నాడు.

యాభై తొమ్మిదేళ్ల మనిషి. బక్కపలచటి ఒళ్లు, జిగురు మరకలతో అట్టకట్టిన చొక్కా జేబు, ముక్కు కొసకు జారే కళ్లద్దాలు. అబిడ్స్‌లో పెద్ద పోస్టాఫీసు వెనక సందులో, రిమోట్‌తో ఎగిరే నమూనా విమానాలు అమ్మే దుకాణానికి ఇరవై ఆరేళ్లుగా గుమాస్తా ఆయనే, మెకానిక్కూ ఆయనే. ఇల్లు నాంపల్లిలో. ఆటో మీటరును నమ్మడు కాబట్టి నడిచే వస్తాడు. కూరలో ఉప్పు వేశానని భార్య జానకమ్మ ఒట్టేసినా నాలుక మీద వేసుకుని చూడందే ఒప్పుకోడు. అనుమానం పెనుభూతమంటారు. ఈయన ఆ భూతానికి మూడు పూటలా అన్నం పెట్టి మరీ పెంచాడు.

ఊరికే పెంచలేదు లెండి. కొలువులో చేరిన కొత్తల్లో ఒకాయన నోటిమాట నమ్మి చిన్న ఇంజన్ ఇచ్చాడు. విమానం చెప్పినదానికన్నా కిలో ఎక్కువుంది. చెట్టెత్తు లేచి నేలకు గుద్దుకుంది. ఆయనొచ్చి నలుగురిలో విజయేందర్ కాలరు పట్టుకున్నాడు. అప్పట్నుంచి ఎవరొచ్చినా మొదటి ప్రశ్న ఒకటే. జవాబు ఏదైనా, తర్వాత కాంటా ఎక్కించాల్సిందే.

ఆ శుక్రవారం పదకొండింటికి వరప్రసాద్ అనే పెద్దాయన పసుపురంగు విమానాన్ని పసిబిడ్డలా రెండు చేతుల మీద మోసుకొచ్చాడు. పాత శిక్షణ విమానానికి నకలు. రెక్కల మీద మేకుల తలలు కూడా ఒక్కొక్కటే దిద్ది ఉన్నాయి.

"ఖాళీ ట్యాంకుతోని బరువెంత సార్?"

"ఇంజన్ కాక రెండు కిలోల ఆరువందలండీ. ఫార్టీసిక్స్ సైజు ఇంజన్ సరిపోతుంది కదా?"

కాంటా రెండు కిలోల తొమ్మిదివందలు చూపించింది.

"మూడొందలు ఏడికెళ్లి వచ్చినయ్ సార్?"

వరప్రసాద్ తెల్లమొహం వేశాడు. "ఇంట్లో తూచానండీ. సరిగ్గానే..."

"అందరు గిట్లనే అంటరు. రంగు ఎయ్యకముందు తూస్తరు, గదే నాకు చెప్తరు." విజయేందర్ రెక్కల కింద రెండు వేళ్లు పెట్టి విమానాన్ని లేపాడు. తోక కిందికి వాలింది. "చిన్న ఇంజనేస్తే ముక్కు తేలికైతది. తోకను ఆపనీకి ముందట సీసం పెట్టాలె. సీసం కూసొని తింటది, పని చెయ్యది. గా బరువేదో ఇంజన్‌ల ఉంటే లాగుతది గద? పెద్దది తీస్కోండ్రి, సిక్స్‌టీ."

"మీరన్నట్టే కానివ్వండి. నాలుగింటికి బిగించి ఇస్తే ఇటునుంచి ఇటే గ్రౌండుకి తీసుకెళ్తాను. రేపు నాకు గుండె ఆపరేషనండీ. మూడేళ్లు కూర్చుని కట్టాను. ఒక్కసారి ఎగరడం చూస్తే చాలు."

"చూస్త సార్," అన్నాడు విజయేందర్. బరువు దగ్గర అబద్ధమాడినోడు గుండె దగ్గర నిజం చెప్తాడా? పోయిన నెల ఒకాయన అత్త పోయిందని తొందరపెట్టి పని ముందు చేయించుకున్నాడు. మర్నాడు అదే అత్తతో బషీర్‌బాగ్‌లో ఐస్‌క్రీం తింటూ కనబడ్డాడు.

రెండు గంటల పని. విజయేందర్ ముట్టుకోలేదు. పంకాలు తుడిచాడు, మరలు ఏరి డబ్బాల్లో సర్దాడు, అన్నం తిని కునుకు తీశాడు. నాలుగింటికి వరప్రసాద్ చంకలో ఒక ఫైలుతో వచ్చేసరికి విమానం పెట్టినచోటే ఉంది.

"రేపు రాండ్రి సార్."

"రేపు రాలేనండీ." పెద్దాయన నవ్వాడు. రెక్క మీద చెయ్యివేసి కాసేపు ఉంచి, వెళ్లిపోయాడు.

చూస్తే, బల్ల మీద ఆయన ఫైలు ఉండిపోయింది. కావాలనే పెట్టిపోయిండు, నా మనసు కరగనీకి, అనుకున్నాడు విజయేందర్. ఆరింటిదాకా దాన్ని ఓరకంట చూసి, ఆఖరికి బండారం బయటపెడదామనే తెరిచాడు. రేపు ఉదయం ఆరు గంటలకు ఆసుపత్రిలో చేరాలని, గుండె ఆపరేషన్ అని, డాక్టరు సంతకంతో సహా కాగితం ఉంది. దాని మీదున్న నంబరుకు ఫోన్ చేశాడు. ఆయన భార్య సుబ్బరత్నం ఎత్తింది.

"ఆయన ఇక లేరండీ. నాంపల్లి స్టేషన్ దగ్గర, బస్సులో కూర్చున్నచోటే ఒరిగిపోయారట. మీరెవరండీ?"

"విమానాల దుకాన్‌కెళ్లి మాట్లాడుతున్న, అమ్మా."

"మరి... ఎగిరిందా అండీ?"

"ఔనమ్మా. మంచిగెగిరింది."

ఫోన్ పెట్టేశాడు. ఇక ఎవరికోసమో తెలియకుండానే సిక్స్‌టీ ఇంజన్ డబ్బా తెచ్చి, బిగించడానికి విమానం ముక్కు మూత విప్పాడు.

ట్యాంకు గొట్టాలకు బిరడాలు బిగించి ఉన్నాయి. తిన్నగా గ్రౌండుకే పోవాలనుకున్న మనిషి ఇంట్లోనే ఇంధనం పోసుకుని వచ్చాడు. మూడు వందల గ్రాములుంటుంది, తూచక్కర్లేదు. దీపం వెలుతురులో ట్యాంకు అంచుదాకా నిండుగా, చుక్క తొణక్కుండా ఉంది.