టేకు పలక

లోవరాజు ఇంజనును రెండు చేతులా ఎత్తి పడవ వెనక చెక్కకు తగిలించాడు. మరలు రెండూ సమంగా బిగించాడు. కుడి మర కింద చెక్క మళ్లీ మెత్తగా లోపలికి నొక్కుకుపోయింది. గోటితో గీరితే తడిసిన పొట్టులా రాలింది. పళ్లు కొరుక్కుని, కొబ్బరితాడు ఇంజను మెడకు చుట్టి పడవ అడ్డకర్రకు కట్టాడు.

ఏళ్ల తరబడి వైనతేయ గోదావరి రేవులో గెడతో పడవ తోసి తోసి అతని కుడి భుజం కిందికి వాలిపోయింది. నిరుడు ఆసామి బుచ్చిరాజుగారు ఈ ఇంజను తెప్పించి, “ఇక నీకు కష్టం లేదురా” అన్నప్పుడు మురిసిపోయాడు కూడా. చెక్క పుచ్చిందని వానలు మొదలైనప్పటి నుంచీ చెబుతూనే ఉన్నాడు. చివరికి మొన్న అమలాపురం నుంచి టేకు పలక వచ్చింది. తీరా ఇవాళ చూస్తే అది పడవ మధ్యలో, పైన పరుపుతో, అల్లుడుగారు కూర్చునే బల్ల అయి ఉంది.

“ఆ పలక ఇంజను కోసమండి” అన్నాడు లోవరాజు.

“వనభోజనాలకి వచ్చిన అల్లుడు పుచ్చు చెక్కల మీద కూచుంటాడేంట్రా? ఇంకోటి తెప్పిద్దాంలే, కానియ్” అన్నారు పక్కనే ఉన్న బుచ్చిరాజుగారు.

“ఆయ్” అన్నాడు లోవరాజు.

స్టార్టు తాడు లాగిందే తడవు పడవను ముందుకు తోసే ఇంజను అది. అల్లుడుగారు నిలబడే ఉన్నారు.

“కూచోండి బాబూ. మీరు కూచుంటేగాని తాడు లాగనండి.”

బుచ్చిరాజుగారి కళ్లు ఎర్రబడ్డాయి. అల్లుడుగారు కూర్చున్నారు. లోవరాజు ఒక చేత్తో పిడి, ఒక చేత్తో చెక్క అదిమిపట్టి, నెమ్మదిగా అందరినీ అవతలి ఒడ్డున కొబ్బరితోట దగ్గర దింపాడు.

“వంటవాళ్లు ఆ ఒడ్డునే ఉండిపోయేరు. గబుక్కున తీసుకురా.”

“ఇంజను విప్పేసి గెడ మీద వెళ్తానండి. చెక్క ఆగదండి.”

“గెడ మీదైతే భోజనాలు ఏ వేళకి? చెప్పింది చెయ్యి.”

నది నడుమ చెక్క ఊడింది. పిడి పట్టుకున్న మనిషిని లాక్కుంటూ ఇంజను నీళ్లలో పడింది. ఒడ్డు మీద వాళ్లకు చిన్న చప్పుడు వినిపించింది. తరవాత ఏమీ వినిపించలేదు.

చేపల పడవలు వెళ్లేసరికి ఇంజను లోవరాజు కట్టిన తాడుకు వేలాడుతోంది. ముందు దాన్ని పైకి లాగారు.

ఆ పడవల్లోనే ఇవతలికి చేరిన బుచ్చిరాజుగారు, “పోన్లే, ఇంజను దక్కింది” అన్నారు.

లోవరాజు భార్య సుబ్బాయమ్మ పరుగున వచ్చేసరికి దాన్ని గోనె మీద పెట్టి గుడ్డతో తుడుస్తున్నారు.

“మీకు దక్కిందండి. నాకేం దక్కిందండీ?”

“అజాగ్రత్త మనిషమ్మా. ఏం చేస్తాం?”

“అజాగ్రత్తా?” ఆమె ఒడ్డుకు చేర్చిన పడవలోని పరుపు బల్ల చూపిస్తూ ఆయనకు ఎదురుగా వచ్చి నిలబడింది. “ఆయన అడిగిన పలక మీద మీ అల్లుడుగారు కూచున్నారండి! ఆ మాట చెప్పండి అందరికీ!”

ఆయన ఇంజను తుడిచేవాళ్ల వైపు తిరిగారు.

మర్నాడు లంక పక్కన లోవరాజు తేలాడు. పెట్రోలు దగ్గర నిప్పు పనికిరాదని బయల్దేరేముందు అతను ఆర్పి, రేవులో పడవ కట్టే గుంజ చీలికలో గుచ్చి వెళ్లిన సగం చుట్ట అలాగే ఉంది.