మూడువందల పన్నెండో జామచెట్టు

సంగయ్య మూడువందల పదకొండో చెట్టు కాయ ముక్కను చప్పరించి ఉమ్మేశాడు.

"పులుపు."

వెంట ఉన్న కూలి పుష్పమ్మ ఆ చెట్టు మొదలుకు సున్నం గీత పెట్టింది. సున్నం పడ్డ చెట్టును ఆ రోజే పెకిలిస్తారు.

పటాన్‌చెరు ఫ్యాక్టరీల వెనక ఉన్న ఆ తోటలో పద్దెనిమిదేళ్లుగా అతని పని కాయల రుచి చూడటం. మొదట్లో యజమాని బద్రీనాథ్ సేటు ఒక సిమ్లా ఆపిల్ కోసి కూలీలకు పంచాడు.

"మన జామ గిట్ల పటుక్కుమనాలె. తియ్యగుండాలె."

అప్పటినుంచి సంగయ్య భార్య శివమ్మ మొగ్గలు విప్పి, కేసరాలు తుంచి, వేరే చెట్టు పుప్పొడి అద్ది, కాగితం సంచి తొడిగి దారం కట్టేది. ఆ కాయల గింజలు మొలిచి కాపుకొచ్చేసరికి నాలుగేళ్లు. తియ్యగా ఉన్నది మెత్తన, కరకరలాడేది చప్పన. సంగయ్య ఒక్కదాన్నీ సున్నం పడకుండా వదల్లేదు.

"నా చేతి చెట్టుకు ఒక్క మంచిమాట రాదా నీ నోట్ల?" అనేది శివమ్మ.

"మంచిగుంటే వస్తది."

ఆమె పోయి మూడేళ్లు. ఆమె చేతి చెట్లలో చివరిది మూడువందల పన్నెండు. ఈ ఏడే కాసింది.

సంగయ్య దవడ పళ్లు రెండేళ్ల కిందటే ఊడాయి. తెలిస్తే పని పోతుందని ఎవరికీ చెప్పలేదు. కాయను బొటనవేలితో నొక్కి చూసుకుని, నమిలినట్టు దవడ ఆడించేవాడు.

ఇవాళ కాయను సేటే కోశాడు; నొక్కి చూసే వీల్లేకపోయింది. చక్కెర జబ్బు మనిషి, తను తినడు. ముక్క అందించాడు.

"శివమ్మ చెట్టు. జెర సక్కగ నమిలి చెప్పు, సంగయ్యా."

నోరంతా తీపి. చిగుళ్ల మధ్య ముక్క జారింది. చప్పుడు లేదు. కరకర అంటే, పెండ్లాం చెట్టని వదిలాడంటారు. తెలియదంటే నోరు తెరిచి చూపాలి.

ముక్కను తీసి గట్టు మీద పెట్టాడు.

"మెత్తగుంది."

సేటు వెళ్లిపోయాడు. మధ్యాహ్నానికి చెట్టు వేళ్లతో సహా లేచింది. కొమ్మలు మేకలు తిన్నాయి. పుష్పమ్మ ఒళ్లో దాచుకున్న కాయ కొరికింది. పటుక్కుమంది.

"ఓ మామా! గిది మెత్తగుందా? నోట్ల పండ్లున్నయా లేవా?" అని నవ్వింది.

సంగయ్య కాయలు కోసే తన కత్తిని తుడిచి ఆమెకిచ్చాడు. గేటు దాటి వెళ్లాడు. తెల్లారి రాలేదు. ఆ తర్వాతా రాలేదు.

గట్టు మీది ముక్క ఎండి నల్లబడింది. దాని మీద ఒక్క పంటి గాటూ లేదు.