గౌచర్‌లో గడ్డి

మార్కండేయ దగ్గు వింటే ఐలమ్మకు గుండె చెరువయ్యేది. బతుకుదెరువుకు వచ్చిన పల్సానాలో సాంచాల, అంటే మరమగ్గాల నూగంతా మొగుడి ఛాతీలోనే పేరుకుంది మరి! "బర్రె ఈనిందంటే నువ్వు సాంచా బందు వెట్టాలె. పాలమ్ముకోని బతుకుదాం" అని అతని చేత ఒట్టు వేయించుకుంది. బర్రె నిండు చూలుతో ఉంది.

అంతలో మాయదారి రేకుల కంచె వచ్చిపడింది. ఊరి పశువులు మేసే ఉమ్మడి బీడును అక్కడ గౌచర్ అంటారు. ఎవరూ విత్తక్కర్లేదు, తొలివాన పడితే చాలు, జింజవో గడ్డి మోకాలెత్తు లేచేది. ఇప్పుడది ప్లాట్లయిందట! గడ్డేమో రేకుల వెనక పచ్చగా ఊగుతోంది, బర్రేమో ఇవతల రేకులకు మూతి రాస్తోంది.

"భయ్యా, జర గేటు తియ్. ఒక్క మోపు కోసుకుంట" అని ఐలమ్మ రోజూ బతిమాలేది. సాబ్ వద్దన్నాడని కాపలావాడు మొహం తిప్పుకునేవాడు. కొన్న ఎండుగడ్డిని బర్రె వాసన చూసి వదిలేసింది. దాని డొక్కలు లోపలికి పోయాయి.

మార్కండేయ చూస్తూ ఊరుకోలేకపోయాడు. చిన్నప్పుడు వాళ్ళ ఊళ్ళో పడుగుకు పట్టించగా మిగిలిన జొన్నగంజి బర్రెలకే పోసేవాళ్ళు. అది తలుచుకుని, నూలుకు గంజి పట్టించే సైజింగ్ ఖానా నుంచి బకెట్టెడు గంజి తెచ్చి, ఉప్పేసి పోశాడు. ఆకలి మీదున్న బర్రె గటగటా తాగేసింది. పిచ్చి మారాజు! ఇక్కడి గంజిలో గింజన్నదే ఉండదని, అంతా రసాయన మందులేనని, పుట్టుకతో నేతవాడై ఉండీ ఆలోచించలేదు.

పొద్దున ఐలమ్మ లేచేసరికి బర్రె కడుపుబ్బి మూలుగుతోంది. మార్కండేయ ఏడుస్తూ జరిగింది చెప్పాడు. కాస్త పచ్చగడ్డి తగిలితే తేరుకుంటుందేమోనని ఆమె దాన్ని గేటు దాకా తోలుకుపోయింది. బర్రె అక్కడే కూలబడి, కడుపులో దూడతో సహా ప్రాణం విడిచింది.

ఆ రోజు ప్లాట్లు చూడ్డానికి జనం వచ్చేది ఉంది. కంపు కొడుతుందని సూపర్‌వైజర్ పరుగున వచ్చి గేటు బార్లా తీయించాడు. జేసీబీ బర్రెను లోపలికి ఈడ్చుకెళ్ళి ఓ మూల గొయ్యి తీసింది. వేళ్ళతో సహా లేచిన గడ్డిపెళ్ళలు దాని మీద పడ్డాయి.

"పానమున్నప్పుడు తియ్యకపోతిరి గదరా గేటు! సచ్చినంక తీసిండ్రా? మీ ప్లాట్లు మన్నువడ!" అని ఐలమ్మ దుమ్మెత్తిపోసింది. ఎవరూ పట్టించుకోలేదు.

"మన ఊర్ల తాగేటియి గదనే..." అన్నాడు మార్కండేయ, నేల మీద చతికిలబడి.

నాలుగు తన్నాలన్నంత కోపం వచ్చిందామెకు. దగ్గుతో వంగిపోయిన ఆ వీపు చూస్తే చెయ్యి లేవలేదు.

"ఏడ్సింది సాలు. ఇగ మనకు సాంచానే దిక్కు. లే, డ్యూటీకి పో" అంది.

మార్కండేయ దగ్గుకుంటూ లేచాడు.